రాత్రిని కొలిచే ఆకు

ఉదయగిరి దుర్గం దిగువన, ఆత్మకూరు చుట్టుపక్కల మెట్టచేలల్లో కంది వేసే రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. తొలకరి పదునుకు జులైలో విత్తిన కంది మనిషెత్తు దాటి పెరుగుతుంది. కొమ్మలు గుబురుగా అల్లుకుంటాయి. పూత మాత్రం చలిగాలి మొదలయ్యే రోజుల దాకా రాదు. వాన కోసం ఎదురుచూసి సెప్టెంబరులో విత్తిన పక్కచేను కంది నడుమెత్తుకు వచ్చీరాకముందే మొగ్గ తొడుగుతుంది. విత్తడంలో రెండు నెలల ఎడం ఉన్నా పూతలో అంత ఎడం కనిపించదు. అందుకే ఆలస్యంగా విత్తే రైతు సాళ్లను దగ్గర చేసి, విత్తనం ఒత్తుగా వేస్తాడు. చెట్టు చిన్నదిగానే ఉండిపోతుందని అతనికి ముందే తెలుసు.

అంటే కంది తన వయసు చూసుకుని పూయడం లేదు. అరవై రోజుల మొక్క, నూట ఇరవై రోజుల మొక్క ఇంచుమించు ఒకే కాలంలో పూస్తున్నాయంటే, ఆ రెండూ బయట ఉన్న ఒకే గుర్తును చూస్తున్నాయన్న మాట. చలి ఆ గుర్తు కాలేదు. ఒక ఏడు చలి ముందొస్తుంది, ఇంకో ఏడు ఆలస్యమవుతుంది. వానైతే ఈ ప్రాంతంలో అసలే నమ్మరానిది. నెల్లూరు జిల్లాకు పెద్దవానలు నైరుతిలో కాక, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాల్లో వస్తాయి. వాటి రాక ఏ ఏడూ ఒకేలా ఉండదు. ఏటా ఒక్క రోజైనా తప్పకుండా నడిచేది ఒక్కటే ఉంది: సూర్యుడి నడక, దానితోపాటు మారే రాత్రింబవళ్ల నిడివి. మొక్క చూసే గుర్తు అదే.

పారిస్‌లో గంజాయి మొక్కలు

ఈ సంగతి మొదట బయటపడింది గంజాయి మొక్కలోనే. 1910 తర్వాతి మూడు నాలుగేళ్లలో పారిస్‌లో జూలియన్ టూర్న్వా అనే యువ వృక్షశాస్త్రవేత్త రెండు మొక్కల మీద పనిచేశాడు. ఒకటి బీరుకు చేదునిచ్చే హాప్ తీగకు దగ్గరి చుట్టమైన జపాన్ హాప్. రెండోది గంజాయి. రెండూ ఒకే కుటుంబం మొక్కలు. రెండింటిలోనూ ఆడ, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. చలికాలంలో గాజుగదిలో మొలిపించిన మొక్కలు లేతగా ఉండగానే పూలు పూయడం అతన్ని ఆశ్చర్యపరిచింది. అదే విత్తనం వేసవికి ముందు ఆరుబయట వేస్తే నెలల తరబడి ఏపుగా పెరిగాక గాని పూయదు.

టూర్న్వా ఒక్కొక్క కారణాన్నీ పరీక్షించి పక్కన పెట్టాడు. వేడి కాదు, తేమ కాదు, నేల కాదు. గంజాయి మొలకలకు రోజుకు ఆరు గంటలే వెలుగిచ్చి, మిగిలిన కాలం చీకట్లో ఉంచితే అవి వెంటనే పూతకొచ్చాయి. 1914 నాటికి అతను ఇంకో అడుగు వేశాడు. పూతకు కారణం పగలు కురచ కావడం కన్నా రాత్రి పొడవు కావడమే అయి ఉండాలని రాశాడు. ఆ మాటను తేల్చే ప్రయోగాలు చేసే సమయం అతనికి దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధం అతన్ని పొట్టన పెట్టుకుంది. అతని మాట నిజమని రుజువు కావడానికి మరో ఇరవై నాలుగేళ్లు పట్టింది.

పొగాకు ఇచ్చిన సాక్ష్యం

రెండో సాక్ష్యం ఉదయగిరి, ఆత్మకూరు రైతులకు చిరపరిచితమైన పంట నుంచి వచ్చింది. కలిగిరిలోనూ, మర్రిపాడు మండలం డీసీపల్లిలోనూ పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్నాయి. ఆ కేంద్రాలకు బేళ్లు తోలే రైతుకు పొగాకు పూత అంటే పని. పూత కనిపించగానే తల తుంచాలి, తర్వాత పుట్టుకొచ్చే పిలకలను తీసేయాలి. లేకపోతే ఆకుకు చేరవలసిన బలం పువ్వుకూ కాయకూ పోతుంది.

అమెరికాలో వాషింగ్టన్ నగరం పక్కన ఆర్లింగ్టన్ పరిశోధన క్షేత్రంలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు సరిగ్గా దీనికి ఎదురైన చిక్కు వచ్చింది. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవంతా పెరుగుతూనే ఉండేది. పది అడుగులు దాటి, వంద ఆకుల దాకా వేసి కూడా మొగ్గ తొడిగేది కాదు. విత్తనం కావాలంటే చలి రాకముందే మొక్కను గాజుగదిలోకి మార్చాలి. అక్కడ నడి చలికాలంలో అది పూసేది. 1918 జులైలో వాళ్లు వెలుగు చొరని చిన్న కొట్టం కట్టించి, సాయంత్రం నాలుగింటికే కుండీలను అందులోకి చేర్చి, మర్నాడు ఉదయం తొమ్మిదికి బయటకు తీసుకొచ్చారు. నడివేసవిలో, ఆరుబయట మొక్కలు ఇంకా ఆకులే వేస్తుండగా, కొట్టంలో పొద్దుగూకిన మొక్కలు పూశాయి.

బిలాక్సి అనే సోయా రకంతో వాళ్లు చేసిన పని మన కందిచేలను గుర్తుకు తెస్తుంది. వారాల తేడాతో వరసగా విత్తిన మళ్లన్నీ ఇంచుమించు ఒకేసారి, సెప్టెంబరులో పూశాయి. 1920లో వాళ్లు తమ ఫలితాలు ప్రచురించారు. పగలు కురచగా ఉన్నప్పుడు పూసే మొక్కలు, పగలు పొడవుగా ఉన్నప్పుడు పూసే మొక్కలు, పగటి నిడివితో పనిలేని మొక్కలు అని మూడు తెగలుగా విభజించారు. గంజాయి, కంది, గోగు, చేమంతి, పాతకాలపు వరి రకాలు మొదటి తెగవి. గోధుమ, పాలకూర రెండో తెగవి. టమాటా మూడో తెగది. మన చేలల్లో పండే వర్జీనియా పొగాకు కూడా మూడో తెగదే. మేరీలాండ్ మామత్‌ది ఆ జాతిలో అరుదైన తీరు.

పగలు కాదు, రాత్రి

మొక్క కొలిచేది పగటినా, రాత్రినా? ఈ ప్రశ్నను తేల్చింది ఒక కలుపు మొక్క. చెరువు గట్ల మీద, బీళ్లలో, బాటల పక్కన పెరిగి బట్టలకు ముళ్లకాయలు అంటించే మరులమాతంగి మీద హామ్నర్, బోనర్ అనే శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాలు 1938లో వెలువడ్డాయి. మరులమాతంగికి ఎనిమిదిన్నర గంటలకు మించిన రాత్రి ఒక్కటి దొరికితే చాలు, పూతకు సిద్ధమవుతుంది. పగటి మధ్యలో కాసేపు చీకటి చేసినా దానికి పట్టలేదు. రాత్రి మధ్యలో కొద్ది నిమిషాలు దీపం వెలిగిస్తే మాత్రం, ఆ రాత్రి ఎంత పొడవైనదైనా మొక్క పూయలేదు. ఎడతెగని చీకటే లెక్క. నడుమ తెగితే మళ్లీ మొదటికొస్తుంది. టూర్న్వా ఊహ నిజమైంది.

ఏ వెలుగు చీకటిని తెంపుతుంది? మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం రంగురంగుల కాంతులతో వెతికింది. దాదాపు 660 నానోమీటర్ల ఎర్రకాంతి అన్నిటికన్నా గట్టిగా పనిచేసింది. ఆ వెంటనే 730 నానోమీటర్ల దగ్గరున్న దూరపు ఎరుపు, అంటే మన కంటికి దాదాపు ఆనని ఎరుపు, తగిలిస్తే దాని ప్రభావం చెరిగిపోయింది. మళ్లీ ఎరుపు వేస్తే మళ్లీ తెగింది. ఎన్నిసార్లు మార్చినా చివర పడిన రంగే చెల్లింది. రెండు రూపాల మధ్య అటూ ఇటూ మారే వర్ణకం ఒకటి ఆకులో ఉందని దీన్నిబట్టి ఊహించి, 1959లో దాన్ని మొక్క నుంచి వేరు చేశారు. దాని పేరు ఫైటోక్రోమ్. ఆకుకు కన్ను అంటూ ఉంటే అది ఇదే.

చింతాకు ముడిచే గడియారం

వెలుగును చూడగలగడం ఒక పని, కాలాన్ని కొలవగలగడం వేరే పని. ఆ రెండో పనికి ఆధారం మన ఊళ్లలో ప్రతి సాయంత్రం కనిపిస్తుంది. పొద్దు వాలగానే చింతాకు ముడుచుకుంటుంది, తెల్లవారేసరికి విచ్చుకుంటుంది. ఇరవై మూడు శతాబ్దాల కిందట, ఇప్పటి బహ్రెయిన్ దీవిలో అలెగ్జాండర్ నౌకాదళ అధికారి ఆండ్రోస్థెనీస్ చింతచెట్ల ఈ తీరును చూసి రాసిపెట్టాడు. 1729లో ఫ్రాన్స్‌లో దె మెరాన్ అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. వెలుగు తెలియకపోయినా ఆకులు వేళకు విచ్చుకుని, వేళకు ముడుచుకున్నాయి. గడియారం మొక్క లోపలే ఉందన్న మాట.

1936లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్విన్ బ్యునింగ్ ఈ రెండింటినీ కలిపాడు. మొక్క గంటలను ఇసుక గడియారంలా రాలుస్తూ లెక్కపెట్టదు. ఇరవై నాలుగు గంటలకు ఒక చుట్టు తిరిగే దాని లోపలి గడియారంలో ఒక భాగం వెలుగును సహించేది, ఇంకో భాగం వెలుగు పడితే స్పందించేది. పొద్దు తొందరగా గూకితే ఆ రెండో భాగం పూర్తిగా చీకట్లో గడుస్తుంది. పొద్దు పొడవైతే దాని అంచున వెలుగు పడుతుంది. రాత్రి నడుమ దీపం పెడితే సరిగ్గా దాని మధ్యలో పడుతుంది. అప్పట్లో ఊహగా మిగిలిన ఈ మాటను అరవై ఏళ్ల తర్వాత జన్యుశాస్త్రం బలపరిచింది. వరిలో పూతను నడిపే కీలక జన్యువు పలకడం, పలకకపోవడం పగటి నిడివిలో అరగంట తేడా మీద ఆధారపడుతుందని తేలింది.

ఆకు చూస్తుంది, కొన పూస్తుంది

రాత్రిని కొలిచేది ఆకు, పూసేది కొమ్మ కొస. మధ్యలో కబురు మోసేది ఎవరు? సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చైలాఖ్యాన్ చేమంతి మొక్కల ఆకులకు మాత్రమే పొడుగు రాత్రులు తగిలించి, కొనలను పొడుగు పగలులో ఉంచాడు. కొనలు పూశాయి. ఆకులో తయారై కొనకు చేరే పదార్థం ఒకటి ఉండాలని చెప్పి, దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. పూతకు సిద్ధమైన మరులమాతంగి కొమ్మను సిద్ధంకాని మొక్కకు అంటు కడితే రెండో మొక్కా పూయడం ఈ మాటను బలపరిచింది. కాని ఆ పదార్థాన్ని పట్టుకోవడం డెబ్బై ఏళ్ల పాటు ఎవరి వల్లా కాలేదు. చివరికి 2007లో జపాన్‌లోని నారాలో వరి మీద, జర్మనీలోని కొలోన్‌లో అరబిడాప్సిస్ మొక్క మీద పనిచేసిన రెండు బృందాలు దాన్ని చూపించాయి. అదొక చిన్న ప్రోటీన్. ఆకు ఈనెల్లో పుట్టి, ఆహారం పారే నాళాల వెంట కొనకు చేరి, అక్కడ ఆకులు పుట్టించే కణాలను పూలు పుట్టించే దారికి మళ్లిస్తుంది.

ఉదయగిరి లెక్క: నూట అయిదు నిమిషాలు

పారిస్‌లో జూన్ 21న పగలు పదహారు గంటలు దాటుతుంది, డిసెంబరులో ఎనిమిదింపావుకు దిగుతుంది. వాషింగ్టన్‌లో పదిహేను గంటల దగ్గర నుంచి తొమ్మిదిన్నర దాకా. అంతంత తేడాలున్న చోట మొక్క రుతువును గుర్తుపట్టడం పెద్ద వింత కాదు. ఉదయగిరి, ఆత్మకూరు భూమధ్యరేఖకు సుమారు పద్నాలుగున్నర, పదిహేను డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. ఇక్కడ అతి పొడవైన పగలు దాదాపు 13 గంటలు, అతి కురచ పగలు 11 గంటల 15 నిమిషాలు. ఏడాది మొత్తం మీద తేడా సుమారు 105 నిమిషాలు. మార్పు అన్నిటికన్నా జోరుగా ఉండే సెప్టెంబరులో కూడా రోజుకు యాభై సెకన్ల లోపే.

మన మొక్కలు ఈ కొద్దిపాటి తేడాలనే పట్టుకుని బతికాయి. గోగునే తీసుకుందాం. చాలా గోగు రకాలు పగలు పన్నెండున్నర గంటలకు పైన ఉన్నంతకాలం ఆకు, కాండం పెంచుతూనే ఉంటాయి. అంతకన్నా దిగాక పూత మొదలుపెడతాయి. ఉదయగిరి లెక్కల్లో పగలు ఆ గీతను ఏప్రిల్ మూడో వారంలో పైకి దాటుతుంది, ఆగస్టు చివరి వారంలో కిందికి దాటుతుంది. ఉత్తర కోస్తాలో నార కోసం గోగును మే, జూన్ నెలల్లోనే విత్తడానికి, ఆలస్యంగా విత్తిన గోగు పొట్టిగా ఉండి నార తక్కువ ఇవ్వడానికి కారణం ఇదే. గోంగూర కోసే ఆడవాళ్లకు కూడా ఇది తెలిసిందే. మొగ్గ పడ్డాక కొత్త ఆకు తగ్గిపోతుంది.

శీతల దేశాల్లో మొదలైన ఈ శాస్త్రం ఉష్ణమండలానికి వర్తిస్తుందా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. 1940లలో కలకత్తాలో ఎస్. ఎం. సర్కార్ బెంగాల్ చలికాలపు వరి మీద ప్రయోగాలు చేసి, పగలును కురచ చేస్తే అది ఎంతో ముందుగా వెన్ను వేస్తుందని చూపించాడు. మన వరి కూడా రాత్రిని కొలుస్తుందని అప్పుడు తేలింది.

కార్తెల్లో ఉన్న శాస్త్రం

మన రైతు ఈ లెక్కను మరో దారిలో చేరుకున్నాడు. పండుగలకు తిథి చూస్తాడు. విత్తడానికి మాత్రం కార్తె చూస్తాడు. తిథి చంద్రుడిది. అందుకే ఒక ఏడు దీపావళి అక్టోబరు నడుమ వస్తే ఇంకో ఏడు నవంబరులో వస్తుంది. కార్తె సూర్యుడిది. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. పదమూడు, పద్నాలుగు రోజులకొకటి చొప్పున ఇరవై ఏడు కార్తెలు ఏడాదిని నింపుతాయి. ఏటా ఒకే తేదీకి వస్తాయి. కాబట్టి ప్రతి కార్తెకూ ఒక పగటి నిడివి ఉంటుంది. మృగశిర ముగిసి ఆరుద్ర మొదలయ్యే రోజుల్లో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు. ఆగస్టు రెండో సగంలో వచ్చే మఖలో పగలు గోగు గీతను దాటుతుంది. ఉత్తరలో రాత్రీ పగలూ ఇంచుమించు సమానం. మూలలో ఏడాదికెల్లా పొడవైన రాత్రి.

ఫలానా కార్తెలో విత్తితే గింజ గట్టిపడుతుంది, ఫలానా కార్తె దాటితే పైరు గిడసబారుతుంది అన్న అనుభవంలో వాన లెక్కతోపాటు రాత్రి లెక్క కూడా ఉంది. చంద్రుణ్ని పట్టుకుని విత్తి ఉంటే ఈ అనుభవం కుదురుకునేదే కాదు. ఎందుకంటే మొక్క చంద్రుణ్ని లెక్కలోకి తీసుకోదు. నిండు పున్నమి వెన్నెల కూడా చాలా మొక్కల రాత్రిని తెంపేంత బలమైనది కాదు.

పెరట్లో ఏ మొక్క?

పూత రహస్యం మొదట గంజాయిలో బయటపడింది కాబట్టి దాన్నే ఇంట్లో పెంచి చూద్దామన్న కుతూహలం కొందరికి కలగవచ్చు. మన దేశంలో అది నేరం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పెరటి కుండీ అనో, ఒక్క మొక్కే అనో మినహాయింపు లేదు. ఇదే చట్టం గంజాయి అన్న మాటకు ఇచ్చిన అర్థం ఈ విషయానికి నేరుగా సంబంధించినది. మొక్క పూత కొసలు, కాయ కొసలే గంజాయి. కొసలతో కలవని ఆకు, గింజ ఆ అర్థంలోకి రావు. మొక్కను పెంచడం మాత్రం పూతకు ముందైనా తర్వాతైనా నేరమే.

చట్టం పూత మీద గురి పెట్టడానికి కారణం మొక్క తీరులోనే ఉంది. గంజాయిలో మత్తు పదార్థం చేరేది ప్రధానంగా ఆడపూల చుట్టూ ఉండే సన్నటి నూగులోని జిగురులో. రాత్రులు పొడవై పూత గుత్తులు కట్టేదాకా ఆ జిగురు పెద్దగా ఉండదు. మగపూల పుప్పొడి గాలిలో ఎగిరి ఆడపూలను చేరితే బలం గింజకు మళ్లుతుంది. అందుకే బ్రిటిష్ కాలంలో, లైసెన్సు కింద గంజాయి పండించిన బెంగాల్‌లోని నౌగావ్ చేలల్లో మగమొక్కలను ఏరి పెరికేయడానికి పొద్దార్లు అనే ప్రత్యేక నిపుణులు ఉండేవాళ్లు. 1893-94లో విచారణ జరిపిన భారత గంజాయి విచారణ సంఘం ఈ పద్ధతిని వివరంగా నమోదు చేసింది. ఇక మన రాష్ట్రంలో ఆ సాగు మిగిల్చిన బాధ అల్లూరి సీతారామరాజు జిల్లా కొండపల్లెల్లో కనిపిస్తుంది. దళారులు లాభం తీసుకుంటారు, కేసులు గిరిజనుల మీద పడతాయి. 2022 ఫిబ్రవరిలో రాష్ట్ర పోలీసులు అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. కుతూహలం కోసం ఆ దారి తొక్కనక్కర్లేదు. గంజాయి నేర్పే పూత పాఠమంతా గోగు నేర్పుతుంది.

గోగుకు శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ముదురు మొక్క ఆకు అయిదారు వేళ్లుగా చీలి గంజాయి ఆకును పోలి ఉంటుంది కాబట్టి లినేయస్ ఆ పేరు పెట్టాడు. పోలిక పైపైనే. గోగు ఆకు ఎంత చీలినా ఒకే ఆకు, నోట పెడితే పులుపు. గంజాయి ఆకు విడివిడి రెక్కలుగా ఉంటుంది. గోగు పువ్వు అరచేతంత, లేత పసుపు, మధ్యలో ముదురెరుపు. గంజాయి పువ్వుకు రేకులే కనపడవు.

జులైలో ఒకే సంచిలోని గోగు విత్తనాన్ని మూడు కుండీల్లో వేయండి. ఒక్కో కుండీలో నాలుగైదు మొక్కలు నిలపండి. ఒక మొక్కతో ఏదీ రుజువు కాదు. మొదటి కుండీని వీధిదీపం వెలుగు సోకని పెరటి మూల ఉంచండి. రెండోదాన్ని రాత్రంతా బల్బు వెలిగే వసారా పక్కన పెట్టండి. మూడోదానికి, మొక్కలు జానెడు ఎత్తుకు వచ్చాక, రోజూ సాయంత్రం అయిదింటికి వెలుగు చొరని అట్టపెట్టె బోర్లించి, ఉదయం ఎనిమిదింటికి తీసేయండి. పెట్టె వెడల్పుగా ఉంటే లోపల ఉక్క పట్టదు. నీళ్లు, ఎరువు మూడింటికీ ఒకేలా ఇవ్వండి. ఆకు పంగల్లో మొదటి మొగ్గ కనిపించిన తేదీని కుండీవారీగా రాయండి. మూడో కుండీ అన్నిటికన్నా ముందు మొగ్గ వేయాలి. మొదటిది మఖ దాటాక మొదలుపెట్టాలి. రెండోది బాగా వెనకబడాలి. మీ రకం పగటి నిడివిని పట్టించుకోనిదైతే మూడూ కలిసి పూస్తాయి. అదీ విలువైన ఫలితమే. బడిలో ఉపాధ్యాయులు పిల్లలతో దీన్ని చేయిస్తే, పుస్తకంలో ఒక పేరాగా చదివే పాఠం పిల్లల చేతుల్లో పూస్తుంది. కోసిన ఆకు మధ్యాహ్న భోజనంలోకి పనికొస్తుంది.

రాత్రిని వెలిగిస్తే

రెండో కుండీకి జరిగేది ఇప్పుడు చాలా చోట్ల, ఎవరూ కోరకుండానే జరుగుతోంది. రాత్రంతా వెలిగే తెల్లటి ఎల్‌ఈడీ దీపాలు పల్లె వీధుల్లోకి, హైవే పక్కన చేల అంచుల్లోకి వచ్చాయి. స్తంభం కింద పడిన సాళ్లలో రాత్రిని కొలిచే పైరు వేస్తే, మిగతా చేను కాపు పడుతున్నా అక్కడ పచ్చగా నిలిచిపోవచ్చు. అటువంటి చోట తెగులు అనుకుని మందు కొట్టేముందు తల పైకెత్తి దీపం చూడాలి. కాంతి కిందికి మాత్రమే పడేలా దీపానికి కప్పు బిగించడం చేనుకూ మేలే, కరెంటుకూ మేలే.

ఇదే సూత్రాన్ని తెలిసి వాడుకునేవాళ్లూ ఉన్నారు. కర్ణాటక సరిహద్దు వైపు చేమంతి తోటల్లో రాత్రిపూట వరసగా వెలిగే బల్బులు కనిపిస్తాయి. అవి చేమంతి రాత్రిని తెంపుతాయి. మొక్క కాడ పొడవుగా పెరిగాక, పండుగ గిరాకీకి కొన్ని వారాల ముందు దీపాలు ఆర్పేస్తారు. అప్పుడు తోటంతా ఒక్కసారి మొగ్గ తొడుగుతుంది.

మెట్టకు ఏ గడియారం కావాలి?

గత అరవై ఏళ్లలో వంగడాల శాస్త్రం చేసిన పెద్ద పనుల్లో ఒకటి, పంటలకు రాత్రి లెక్క మరిపించడం. 1966లో విడుదలైన ఐఆర్-8 వరి పగటి నిడివిని పెద్దగా పట్టించుకోదు. ఎప్పుడు నాటినా ఇన్ని రోజులకు కోత అని చెప్పవచ్చు. కాలువ నీళ్లున్న చోట ఏడాదికి రెండు పంటలు సాధ్యమైంది దాని లాంటి రకాల వల్లే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తయారుచేసిన స్వల్పకాలిక కంది రకాలు ఉత్తర భారతంలో కంది కోసి గోధుమ విత్తే దారి తెరిచాయి. ఈ మేలును తక్కువ చేయనక్కర్లేదు.

అయితే సోమశిల నీళ్లు అందే ఆత్మకూరు మాగాణికీ, ఆకాశం వైపు చూసే ఉదయగిరి మెట్టకూ ఒకే గడియారం సరిపోదు. నీళ్లు చేతిలో ఉన్న రైతుకు రోజుల లెక్క ప్రకారం పూసే రకం కావాలి. వాన ఏ కార్తెలో వస్తుందో తెలియని రైతుకు పూత తేదీ మారని రకం ఒక రక్షణ. అతను జులైలో విత్తినా, సెప్టెంబరులో విత్తినా, పైరు ఈశాన్య వానల పదును నేలలో ఉండగానే పూసి, ఆ తడి ఆరేలోగా కాయ నింపుకుంటుంది. దిగుబడి తగ్గవచ్చు గాని చేను చేతికి రాకుండా పోదు. రోజులు లెక్కపెట్టి పూసే రకాన్ని తొలివానకు తొందరపడి విత్తితే, దాని పూత సరిగ్గా తుపాను వానల్లో చిక్కుకుని రాలిపోవచ్చు. ఆలస్యంగా విత్తితే కాయ నిండే వేళకు నేల ఎండిపోవచ్చు. పాతకాలపు మెట్ట విత్తనాలు తరతరాలుగా ఈ నేల మీద ఎంపికై నిలబడింది ఇందుకే.

ఈరోజు విత్తన సంచి మీద మొలక శాతం ఉంటుంది, స్వచ్ఛత ఉంటుంది, పంటకాలం ఇన్ని రోజులు అని ఉంటుంది. ఆ రకం పగటి నిడివికి స్పందిస్తుందా లేదా, ఏ కార్తె దాకా విత్తవచ్చు, ఆలస్యమైతే సాళ్లు ఎంత దగ్గర చేయాలి అన్నది ఉండదు. పరిశోధన కేంద్రాల దగ్గర ఈ సమాచారం ఉంది. ఒక రకాన్ని విడుదల చేసేముందు వేర్వేరు తేదీల్లో విత్తి చూసిన పరీక్షల ఫలితాలు వాళ్ల దస్త్రాల్లో ఉంటాయి. ఆ ఒక్క వాక్యం తెలుగులో సంచి మీదికి ఎక్కాలి. ఎక్కేదాకా రైతు అడగాలి, రైతు సేవా కేంద్రమైనా కృషి విజ్ఞాన కేంద్రమైనా జవాబు చెప్పాలి. పారిస్‌లో గంజాయి మొక్కతో మొదలై వందేళ్లు దాటిన ఈ జ్ఞానం మెట్ట రైతు విత్తన నిర్ణయంలోకి వచ్చినప్పుడే దాని పని పూర్తవుతుంది.